పాలమూరులో మునిగిన ఓడ

బిందెలు వరుసలో పెట్టి నీళ్ల కోసం కాచుకునే మహబూబ్‌నగర్‌లో కూర్చుని నేనొక ఓడను ముంచాను. ఎవరి ఓడ అని అప్పుడే అడగకండి. పరువు పోయే చోటికి మెల్లగా నడవనివ్వండి.

తొంభైల చివర. యాదగిరి సారు కంప్యూటర్ సెంటర్‌లో నాకూ నా క్లాసువాడు ఖలీల్‌కూ వారానికి అరగంటే మిషను దొరికేది. ఆ అరగంటా ఓడల యుద్ధం ఆడేవాళ్లం. రెండు కంప్యూటర్లను వైరుతో కలిపితే వాడిదొక ఓడ, నాదొక ఓడ. ఎండాకాలం సెలవుల ముందు సారు ఒక మాటన్నాడు.

"ఐతారం ఎవరు గెలిస్తే సెంటర్ తాళంచెవి వానికే. సెలవులల్ల పొద్దుగాల తెరిచి, మంది వచ్చేదాక ఎంతసేపన్నా ఆడుకోండ్రి."

ఆ తాళంచెవి నాకు కావాలి. అంతకంటే ముఖ్యం, ఖలీల్‌కు దక్కకూడదు.

ఎందుకంటే ప్రతిసారీ వాడే గెలిచేవాడు. సారు వాడి వీపు తట్టినప్పుడల్లా మండేది నా వీపు. వాడి ఓడ నాకు కనిపించేదే కాదు, నాది మాత్రం పది నిమిషాల్లో మునిగేది. కంప్యూటర్ వాడి పక్షమని ఊరంతా చెప్పుకు తిరిగాను.

ఆ ఉక్రోషంతోనే సారు బల్ల మీది ఆట పుస్తకం తిరగేశాను. గుట్టు దొరికింది! రాడార్ వేస్తే ఎదుటి ఓడ మనకు కనిపించేలోపే, మన రాడార్ తరంగాలు వాడికి అందుతాయట. టార్చి వేసుకుని చేన్లోకి పోయినవాడికి కనిపించేది పది అడుగులే, వాడు మాత్రం ఊరందరికీ కనిపిస్తాడు. నేను ఇన్నాళ్లూ ఆట మొదలవగానే టార్చి వేసిన మొనగాణ్ణి. తరువాతి పేజీలో ఏ పేరున్న రాడార్ ఏ రకం ఓడదో పెద్ద పట్టీ ఉంది. దాన్ని చదివే ఓపిక కడుపుమంటకు ఎక్కడిది?

ఆదివారం వచ్చింది. రాడార్ ఆపేసి పిల్లిలా కూర్చున్నాను.

"ఏం రా శీనూ, ఇయ్యాల రాడార్ బందు వెట్టినవా?" అన్నాడు పక్క కుర్చీలోంచి ఖలీల్.

"నీకెందుకురా? నీ పని నువ్ జూస్కో."

కాసేపటికి తెర మీద ఒక గీత మెరిసింది. ఎవరిదో రాడార్! దిక్కు తెలుస్తుంది, దూరం తెలియదు. పక్కన చిన్న అక్షరాల్లో ఏదో పేరుంది. పేరెవడికి కావాలి?

"దొరికినవ్ బిడ్డా!" అని అరిచాను.

ఖలీల్ నా తెర వైపు తొంగి చూశాడు. "అరె, జర ఆగు శీనూ! గది నేను కాదురా!"

"భయమైతాందా?"

"భయం నా గురించి కాదు, ఆగురా!"

వాడు ఆగమన్నాడంటే అది వాడి ఓడే. ఉన్న ఎనిమిది మిసైళ్లూ వదిలేశాను. అన్నీ తగిలాయి. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను.

సారు వచ్చి కళ్లద్దాలు సర్దుకుని తెర చదివాడు. "ప్యాసింజర్ ఓడ. మూడువందల మంది సచ్చిన్రు. శీను ఓడిండు, ఆట ఖతం."

"సముద్రంల ప్యాసింజర్లు ఎందుకుంటరు సార్?" అన్నాను, కుర్చీ మీద నుంచే.

నవ్వకండి. నేను సముద్రం చూడలేదు. మక్తల్ దారిలో ఎండిన బీడులాగా ఖాళీగా ఉంటుందనీ, అందులో నేనూ ఖలీలే తిరుగుతామనీ అనుకున్నాను.

"మా మామ బొంబాయి డాక్‌ల హమాలీ," అన్నాడు ఖలీల్. "గాడ ఓడలు మన బస్టాండ్ల బస్సుల లెక్క వస్తుంటయి, పోతుంటయి అని చెప్తడు."

"నువ్వెన్ని మిసైళ్లు ఏసినవ్?" అని వాణ్ణి అడిగాడు సారు.

"ఒక్కటి గూడ లేదు సార్. ఊకెనే కూసున్న."

ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చిందంటారు. నా కుళ్లు మూడువందల మంది చావుకొచ్చింది. తాళంచెవి ఖలీల్ జేబులోకి పోయింది. ఆ దుర్మార్గుడు అంతటితో ఆగాడా? "పొద్దుగాల ఆరింటికి రా శీనూ, ఇద్దరం ఆడుదం," అన్నాడు. ఓడినందుకు కాదు, ఆ మంచితనానికి ఒళ్లు మండిపోయింది. అయినా ఐదున్నరకే వెళ్లి తలుపు ముందు కూర్చున్నాను.

కనుక పాఠకులారా, మీ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఖలీల్‌ను చూసి కుళ్లుకోనని మాత్రం చెప్పలేను, అబద్ధపు ఒట్టు పాపం. కానీ కుళ్లు మీద ఉన్నప్పుడు ఏ మీటా నొక్కను. ఆ మూడువందల మంది మీద ఒట్టు.