మూడో పేజీలో నా సంగతి

కాన్సాస్‌లో మేమున్న పల్లెటూళ్ళో వారానికొకసారి పేపరు వచ్చేది. ఎవరింట్లో ఎవరు భోంచేశారు, ఎవరి ఆవుకి సంతలో బహుమతి వచ్చింది, అవే వార్తలు. అవి చదివి నవ్వుకునేదాన్ని. ఒళ్ళు మండేది మాత్రం మూడో పేజీ చూస్తే. ఆ వారం ఊరి ఆసుపత్రిలో ఎవరు చేరారో, ఎవరు ఇంటికి వెళ్ళారో పేర్లతో సహా వేసేవారు. ఆసుపత్రివాళ్ళే ఫోన్ చేసి మరీ చెప్పేవారు. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. పైగా పేరు పడకపోతే చిన్నబుచ్చుకునేవారు.

ఆ ఆసుపత్రిలోనే మావారు డాక్టరు. ఎనభైల మొదట్లో, నాలుగో నెలలో గర్భం పోయి నేను అక్కడే చేరాను. కడుపుతో ఉన్నానన్న సంగతే ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. పోయిన సంగతి నలుగురి నోళ్ళలో నానడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పేరు పేపర్లో రాకుండా చూడమని మావారిని బతిమాలాను.

"నేనడిగితే బాగోదు. అందరివీ ప్రింట్ చేస్తారు, నువ్వు మరీ సీరియస్‌గా తీసుకుంటున్నావు" అన్నారు.

ఇంటికొచ్చిన మర్నాడే, నడుం నిలవకపోయినా, నేనే డ్రైవ్ చేసుకుంటూ పేపరాఫీసుకి వెళ్ళాను. ఎడిటరు పెద్దావిడ. ఆదివారాలు చర్చిలో పియానో వాయించేది కూడా ఆవిడే. ఆఫీసంతా సిరా, సిగరెట్టు కలిసిన కంపు. కారణం చెప్పకుండా, నా పేరు వేయొద్దని మాత్రం అడిగాను. నీకిష్టం లేనిది నేనెందుకు వేస్తానని ఆవిడ నా చెయ్యి నిమిరింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆవిడ ముందు కరిగిపోయినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

గురువారం పేపరొచ్చింది. మూడో పేజీలో పేర్లన్నిటి కింద విడిగా ఒక వాక్యం ఉంది: "తాను ఆసుపత్రిలో ఉన్న సంగతి ప్రచురించవద్దని డాక్టరుగారి భార్య కోరారు. ఆమె కోరికను మన్నిస్తున్నాం."

సాయంత్రానికల్లా పక్కింటావిడ, చేపలు వేసి వండిన మాకరోనీ గిన్నెతో గుమ్మంలో ప్రత్యక్షమైంది. నాకేదో దాచుకోవలసిన జబ్బని ఊళ్ళో అనుకుంటున్నారట. మావారి వైద్యం వికటించిందని కూడా కొందరంటున్నారట. చెప్పి, జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"నాలుగో నెల. పోయింది" అన్నాను.

అయ్యో అంటూ గిన్నె నా చేతుల్లో పెట్టి, కూర్చోకుండానే ఇంటికి పరుగెత్తింది, ఫోన్ చేయడానికి కాబోలు. ఆ మాట అప్పటికింకా నేను మా అమ్మకైనా రాయలేదు.