మా ఫాస్ట్ బౌలర్‌ను అడిగిన మనిషి

కరోనా మొదటి వేసవిలో, మైదానాల్లోకి మళ్లీ అనుమతించిన కొన్ని వారాలకు, ఇక్కడ ఐర్లండ్‌లో మీత్ కౌంటీలోని ఒక క్లబ్బు కెప్టెన్ నాకు ఫోన్ చేశాడు. అప్పుడు నేను క్లాండాల్కిన్‌లో ఒక గోడౌన్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. క్యాంటీన్ మూసేశారు కాబట్టి కారులో కూర్చుని డబ్బా తింటున్నాను. ఆయన వానల గురించి కాసేపు మాట్లాడాడు. పిల్లలు బాగున్నారా అని అడిగాడు. ఆ తర్వాత చల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. మా కుర్ర ఫాస్ట్ బౌలర్‌ను తమకిస్తే, తమ ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ను మాకు పంపుతాడట.

పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆలోచించుకుని చెబుతానన్నాను. “తొందరేం లేదు, గ్రాండ్,” అని, ఇక్కడివాళ్లు ‘బాగుంది, పర్లేదు’ అనడానికి వాడే మాటతో పెట్టేశాడు.

మాది చిన్న క్లబ్బు. లూకన్, క్లాండాల్కిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం కలిసి పెట్టుకున్నది. లీగులో కింది డివిజన్లలో ఆడేవాళ్లం. మా గ్రౌండ్ లూకన్ దాటాక పొలాల మధ్య అద్దెకు తీసుకున్న ఒక మైదానం. కెప్టెన్‌ననే పేరేగానీ మ్యాట్ పరచడం, స్టంపులు పాతడం, మరుగుదొడ్డి తాళం దాచిపెట్టడం కూడా నా పనే.

ఆ కుర్రవాడు అంతకుముందు చలికాలంలో ఎమ్మెస్సీ చదవడానికి వచ్చాడు. వరంగల్ దగ్గరి ఊరు. ఇండోర్ నెట్స్‌లో మొదటిసారి అతని బంతిని ఆడినప్పుడు నా మోచేతి దాకా జిల్లుమంది. తర్వాతి బంతి బ్యాటుకు తగలకుండా పోయి వెనక గోడకు ఫట్‌మని కొట్టుకుంది. ఈ సంవత్సరం మనల్ని ఆపేవాడు లేడని అందరం అనుకున్నాం. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. అది సడలి మైదానంలోకి వచ్చేసరికి ఇతను వేరే మనిషి. పరుగు మధ్యలో అడుగు తడబడేది. ఒక బంతి లెగ్‌సైడు బయటకు పోతే మరొకటి కీపర్ తల మీదుగా పోయేది. వైడ్లకు చేతులు చాచి చాచి అంపైర్ విసుక్కునేవాడు. రెండో ఓవర్ ఇవ్వాలంటే నాకే గుండె చిక్కబట్టుకోవాల్సి వచ్చేది.

అలాంటి బౌలర్‌ను ఎవరైనా ఎందుకు అడుగుతారు? పైగా వాళ్లు ఇస్తానన్న బ్యాట్స్‌మన్ అంతకుముందు సీజన్‌లో మమ్మల్ని ఒంటిచేత్తో ఓడించినవాడు. గుడ్డి గవ్వకు పాడిగేదెను ఇస్తానన్నట్టుంది వ్యవహారం.

ఇంటికెళ్లి మా ఆవిడతో అన్నాను. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తడి జుట్టుతో టీ తాగుతోంది.

“ఆ బ్యాట్స్‌మన్‌కు ఏదో లోపం ఉండి ఉంటుంది,” అన్నాను.

“ఉంటే ఉండనివ్వండి. ముందు ఆ పిల్లాడికి ఏమైందో కనుక్కోండి. చలికాలంలో బాగా వేసేవాడన్నారుగా.”

నాకు ఆ మాట ఎక్కలేదు. నా బుర్రంతా ఆ మీత్ కెప్టెన్ మీదే ఉంది.

మర్నాడు మా వైస్ కెప్టెన్‌కు చెప్పాను. విజయవాడ మనిషి. దేనికీ ఒకపట్టాన ఒప్పుకోడు, టాస్ గెలిస్తే బ్యాటింగా ఫీల్డింగా అన్నదాని మీద కూడా వాదించేవాడు. అలాంటివాడు వినీ వినగానే, “ఇచ్చేద్దాం అన్నయ్యా, ఇంకా ఆలోచనేంటి?” అన్నాడు.

“నీకేమీ అనుమానం రావట్లేదా?”

“అనుమానం దేనికి? మంచి బేరం. ఆలస్యం చేస్తే వాళ్లు మనసు మార్చుకుంటారు.”

అంతే, నా అనుమానం ఒకటి రెండయింది. వీడికి ఆ క్లబ్బుతో ఏం సంబంధం? వచ్చే ఏడాది వీడు కూడా అక్కడికే పోదామనుకుంటున్నాడా?

ఆ వారాంతం మాకు మ్యాచ్ లేదు. మీత్‌లో వాళ్ల గ్రౌండుకు వెళ్లి, కంచె అవతల కారు ఆపి, మాస్కు పెట్టుకుని చూశాను. మాస్కు ఉంటే ఎవరూ గుర్తుపట్టరనే ధైర్యం. ఆ బ్యాట్స్‌మన్ ఐరిష్‌వాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు. కుంటుతున్నాడేమో చూశాను, కుంటడం లేదు. జట్టువాళ్లతో తగాదా ఉందేమో అని చూశాను, అందరితో నవ్వుతూనే ఉన్నాడు. తీరిగ్గా యాభై దాటించి ఔటయ్యాడు. లోపం దొరకనందుకు స్థిమితపడాల్సింది పోయి ఇంకా కలవరపడ్డాను. కనిపించని లోపం అంటే పెద్దదే అయి ఉంటుందనుకున్నాను.

తర్వాతి ప్రాక్టీసు రోజున పని తొందరగా అయిపోయింది. ఎప్పుడూ క్లాండాల్కిన్ నుంచి అడ్డదారిన వచ్చేవాణ్ణి, ఆ రోజు లూకన్‌లో ఏదో కొనాల్సి ఉండి మెయిన్ రోడ్డు మీదుగా వచ్చాను. మా గ్రౌండ్ గేటుకు కొంచెం ఇవతల, చెట్ల దగ్గర ఒక తెల్ల వ్యాన్ ఆగి ఉంది. అద్దాలన్నీ దించి ఉన్నాయి. వెనక సీట్లోంచి మా కుర్రవాడు కిట్ బ్యాగుతో దిగాడు. స్టీరింగ్ దగ్గర ఉన్నది మీత్ కెప్టెన్.

ఒళ్లు భగ్గుమంది. అంటే ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారన్నమాట. మా దగ్గర కావాలని చెత్తగా వేసి, మేమే విసిగి వదిలేసేలా చేసి, అక్కడికి పోయి వికెట్లు తీస్తాడన్నమాట. గేటు దాకా రాకుండా చెట్ల చాటున దిగడం ఎందుకు మరి? అన్నీ ఒకదానికొకటి అతికినట్టు కుదిరాయి.

ప్రాక్టీసు అయ్యాక, మ్యాట్ దాచే కంటైనర్ దగ్గర అతన్ని ఆపాను. మిగతావాళ్లు కార్లలో వెళ్లిపోతున్నారు.

“ఆ వ్యాన్‌లో నీకేం పని?”

అతను షూ విప్పుతున్నవాడల్లా ఆగాడు. “పనేం లేదన్నా. నడ్సుకుంట వస్తుంటే ఆపిండు. ఎక్కుమన్నడు.”

“నడిచా? ఎక్కణ్ణించి?”

“బస్సు ఊర్ల దాకనే వస్తది గదా. ఆడికెల్లి నడ్సుడే. ఆయన ఇల్లు గీ రోడ్డు మీదనే ఉన్నదంట. ఫుట్‌పాత్ లేదు, ఎవడన్న గుద్దుతడు అని కోప్పడ్డడు. అప్పటిసంది కనిపిస్తే ఎక్కించుకుంటున్నడు.”

“మరి గేటు దగ్గర దిగొచ్చుగా?”

“వేరే క్లబ్బు కెప్టెన్ గదన్నా. మీరు చూస్తే ఏమనుకుంటరో అని.”

అనుకోవాల్సినదంతా అప్పటికే అనుకున్నానని అతనికి తెలియదనుకున్నాను.

“మనవాళ్లు ముగ్గురు మీ కాలనీ నుంచే వస్తారు. వాళ్ల కారులో ఎందుకు రావు?”

అతను రెండో షూ కూడా విప్పాడు. సాక్సు మడత పెట్టి బ్యాగులో పెట్టుకున్నాడు. “ఎవరి బండిల వాళ్లు రావాలని రూల్ ఉన్నది గదన్నా.”

“వాళ్లు ముగ్గురూ ఇప్పుడు ఒకే కారులో వెళ్లారు. నా కళ్లతో చూశాను.”

“చూసిన్లు గదా,” అన్నాడు. గొంతులో కోపం లేదు. బ్యాగు జిప్పు లాగుతూ తనే చెప్పాడు. “నేను కేర్ హోంల పార్ట్‌టైమ్ చేస్తున్న. ఆడ ముసలోళ్లకు వచ్చింది, కొందరు పోయిన్లు. అది తెలిసినప్పటిసంది నాతోని ఎవ్వరు దగ్గరికి రారు. వారం వారం నాకు ముక్కుల పుల్ల పెట్టి టెస్టు జేస్తరన్నా. ఒక్కసారి గూడ రాలే. గీ టీమ్‌ల అందరికన్న ఎక్కువ టెస్టులైంది నాకే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పాలె? నన్ను జూసి భయపడుతున్నరనా?” బ్యాగు భుజానికెత్తుకున్నాడు. “బాల్ ఏస్తుంటే గూడ గదే యాదికొస్తది. నా ఓవర్ల బాల్ పట్టుకుంటే ఎంటనే చేతులు తుడ్సుకుంటరు. స్పిన్నర్ ఏస్తే తుడ్సుకోరు. మీరు సూడలే గావచ్చు. ఉరుకుతుంటే నా కన్ను ఆడికే పోతది.”

ఆ రోజు అతన్ని నా కారులోనే దింపాను.

అప్పటికీ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. సరిగా వేయలేనివాడు సాకు వెతుక్కోవడం ఎన్నిసార్లు చూడలేదు? అందుకే ఆదివారం మ్యాచ్‌లో స్లిప్‌లో నిలబడి బ్యాట్స్‌మన్‌ను వదిలేసి మావాళ్లను చూశాను. బంతిని శానిటైజర్‌తో తుడవడం అప్పట్లో అందరికీ ఉన్న నియమమే, కొన్ని ఓవర్లకొకసారి అంపైర్ గుర్తుచేసేవాడు. కానీ ఇతను వేసిన ఓవర్లో మిడాఫ్‌లో ఉన్న మా వైస్ కెప్టెన్ బంతిని ఆపి, విసిరి, జేబులోంచి చిన్న సీసా తీశాడు. కవర్స్‌లో ఉన్నవాడూ అంతే. బంతి ఇతనికి అందించాల్సి వస్తే చేతికివ్వకుండా నేల మీద దొర్లించారు. ఓవర్ మారి మా స్పిన్నర్ వచ్చాడు. సీసాలు జేబుల్లోంచి బయటకు రాలేదు. మా స్పిన్నర్ పనిచేసేది సూపర్‌మార్కెట్‌లో, రోజూ వందలమంది మధ్య.

మ్యాచ్ అయ్యాక వైస్ కెప్టెన్‌ను పక్కకు పిలిచాను.

“నువ్వు ఈ బేరానికి తొందరపడింది అందుకేనా?”

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. “అందుకే అన్నయ్యా. మా నాన్న మనవణ్ణి చూడ్డానికి వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయాడు. విమానాల్లేవు. షుగరు, గుండెకు స్టెంటు. నేను ఏదైనా మోసుకెళితే ఆయన బతకడు. ఆ కుర్రాడి మీద నాకు కోపమేంటి చెప్పు?”

“కోపం లేదని అతనికెలా తెలుస్తుంది?”

“నాకు రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు అన్నయ్యా. అంతకంటే చెప్పలేను.”

అతన్ని తిట్టడానికి సిద్ధపడి వెళ్లినవాణ్ణి, తిట్టలేక వచ్చేశాను.

మర్నాడు మీత్ కెప్టెన్‌కు నేనే ఫోన్ చేసి, మీకు మా బౌలర్ ఎందుకు కావాలో దాపరికం లేకుండా చెప్పండి అన్నాను. ఆయన చెప్పాడు. ఒక సాయంత్రం తన ఇంటి వెనక పెరట్లో ఒక స్టంపు పాతి, కుర్రవాణ్ణి వేయమన్నాడట. ఎవరూ లేనిచోట వేసిన ప్రతి బంతీ ఆ స్టంపు చుట్టుపక్కలే పడిందట. “నాకు బౌలర్ కావాలి, అతని దగ్గర బౌలింగ్ ఉంది,” అన్నాడు. బ్యాట్స్‌మన్ సంగతి అడిగాను. అతను బడి పంతులట, లూకన్‌లో కొత్త ఉద్యోగం, ఇల్లు కూడా అక్కడికే మార్చాడట. దగ్గరి క్లబ్బులో ఆడితే పిల్లలతో గడపడానికి సమయం దొరుకుతుందని తనే అడిగాడట. నేను వారం పాటు తవ్వింది ఇదా అనిపించింది.

చివర్లో ఆయన నెమ్మదిగా అడిగాడు: “మీ వాళ్లలో ఒక్కరైనా అతన్ని కారెక్కించుకోరెందుకు?”

చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ వారంలోనే కుర్రవాణ్ణి మా ఇంటికి పిలిచాం. పెరట్లో కుర్చీలు దూరంగా వేసి, మా ఆవిడ చికెన్ పులావు పెట్టింది. అతను తింటుంటే ఆమె అంది, “మా పక్కింటావిడ కూడా పిల్లల్ని మా అబ్బాయితో ఆడనివ్వడం మానేసింది. నేను ఆసుపత్రిలో చేస్తానని. కంచె అవతల నుంచి మాత్రం ‘హీరోలు మీరు’ అంటుంది.”

అతను మొదటిసారి నవ్వాడు. “మా ఇంటి ఓనర్ గూడ గట్లనే అంటడక్కా. లీజు మాత్రం మళ్ల రాయడంట.”

నేను చెప్పాల్సింది చెప్పాను. ఉంటానంటే రోజూ నేనే తీసుకొస్తాను, మావాళ్లందరితో మాట్లాడతాను, బేరం వద్దని ఫోన్ చేసేస్తాను అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. క్లబ్బుకు ఏది లాభమన్న లెక్క అప్పటికి వదిలేశాను.

అతను ప్లేటు కింద పెట్టాడు. “మీరు చెప్తే ఎక్కించుకుంటరన్నా. కానీ భయపడుకుంటనే గదా ఎక్కించుకునేది. నేను అద్దం దిక్కు మొఖం పెట్టుకొని కూసోవాలె. పోతనన్నా. నా మీద కోపం పెట్టుకోకున్లి.”

“నాకెందుకు కోపం?”

“వ్యాన్ దిగినప్పుడు జూసిన గదా మీ మొఖం,” అన్నాడు.

మా ఆవిడ నా వైపు చూసింది. నేను లేచి ఖాళీ గిన్నెలు లోపలికి పట్టుకెళ్లాను.

సీజన్ మధ్యలో క్లబ్బు మారాలంటే రెండు వైపులా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాం. పంతులుగారు వచ్చి మా జట్టులో మొదటి మ్యాచ్‌లోనే సున్నాకు ఔటయ్యాడు. ఆ తర్వాత బాగానే ఆడాడు. అతను ‘గ్రాండ్’ అన్నప్పుడల్లా మావాళ్లు తెలుగులో దీర్ఘం తీసి అనుకరించేవారు, అతను కూడా ‘పర్లేదు’ అనడం నేర్చుకున్నాడు.

సెప్టెంబరు మొదట్లో ఆ మీత్ క్లబ్బుతో మాకు మ్యాచ్ పడింది. గాలి చల్లగా వీస్తోంది. కొత్త బంతి మా పాత కుర్రవాడి చేతికే ఇచ్చారు. మొదటి బంతి వైడ్. పాత భయం నాకే పట్టుకుంది. ఎదుటి జట్టు బౌలర్ బాగా వేయాలని కోరుకునే కెప్టెన్‌ను నేనొక్కణ్ణేనేమో. రెండో బంతి నేరుగా వచ్చింది. మిడాఫ్‌లో ఉన్న ఎర్రజుట్టు కుర్రాడు బంతిని ఆపి, ప్యాంటుకు రెండుసార్లు రుద్ది, అతని చేతిలో పెట్టాడు. ఆ ఓవర్లోనే మా వైస్ కెప్టెన్ మిడిల్ స్టంపు ఎగిరిపోయింది. నేనూ ఎక్కువసేపు నిలవలేదు. చలికాలంలో నెట్స్‌లో విన్న చప్పుడే ఈసారి నా వెనక క్యాచ్ పట్టిన కీపర్ గ్లవ్స్‌లోంచి వినిపించింది.

వైస్ కెప్టెన్ తండ్రి ఆ రోజు ఆట చూడ్డానికి వచ్చి, అద్దాలెత్తిన కారులో బౌండరీ పక్కన కూర్చుని ఉన్నాడు. నేను ప్యాడ్లు విప్పుకుంటుంటే అద్దం కొంచెం దించి కొడుకును పిలిచాడు.

“నిన్ను అవుట్ చేసిన ఆ పిల్లోడు మనోడేనా?”

“అవును నాన్నా. మొన్నటిదాకా మా టీమే.”

“మరి అంత మంచోణ్ణి ఎందుకొదులుకున్నార్రా?”

వైస్ కెప్టెన్ హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. “అక్కడైతే బాగా ఆడుకుంటాడని, నాన్నా,” అన్నాడు. అబద్ధం కాదు. ఆట ముగిశాక అతనే వెళ్లి కుర్రవాడికి ఎదురుగా ఆగి, అప్పట్లో కరచాలనాలు లేవు కాబట్టి మోచేయి చాచాడు. కుర్రవాడు ఒక క్షణం ఆ మోచేతిని చూసి, తన మోచేయి తగిలించాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.

చదువయ్యాక కుర్రవాడికి కెర్రీ కౌంటీలో ట్రాలీ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. అక్కడ కూడా ఆడుతున్నాడట. ఆ మీత్ కెప్టెనే అప్పుడప్పుడూ చెబుతుంటాడు, కుర్రవాడు ఆయనకే ఎక్కువ ఫోన్లు చేస్తాడు మరి. నాకు పండగలకు మెసేజ్ పెడతాడు. కెర్రీ వైపు వస్తే ఇంటికి రమ్మంటాడు. వస్తామంటాం. ఇంతవరకూ వెళ్లలేదు.