సపోటా అంట్ల పంపకం

కడియంలో నేనూ అతనూ పెళ్ళి మాట ఎత్తకుండానే ఏళ్ళ తరబడి కలిసి ఉన్నాం, కలిసే నర్సరీ పెంచాం. నేల మాత్రం అతనిది. నాదంటూ ఏమైనా ఉంటే, అవి నా చేత్తో కట్టిన అంట్లే. విడిపోదాం అనుకున్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. రేపు అతను పొమ్మంటే ఏం పట్టుకుని పోవాలి?

మా చర్చి పెద్దాయన, రిటైరైన టీచరు, మధ్యవర్తిగా కూర్చున్నారు. "పెళ్ళి లేని కాపురానికి పంపకాలేంటమ్మా?" అని విసుక్కుంటూనే కూర్చున్నారు. కవర్లలోని మొక్కలు, పైపులు గొడవ లేకుండానే చెరిసగం అయ్యాయి. చిక్కంతా సపోటా అంట్ల దగ్గర వచ్చింది. కుండీలో వేరు కోసం పెంచిన పాలమొక్కను తల్లిచెట్టు కొమ్మకు ఆనించి కట్టేస్తాం. రెండూ అతుక్కునేదాకా ఆ కొమ్మను చెట్టు నుంచి కోయకూడదు, కోస్తే ఎండిపోతుంది. తల్లిచెట్లేమో అతని నేలలో ఉన్నాయి. ఇంకోచోట నర్సరీ పెట్టుకోవాలంటే నాకు ఆ అంట్లే దిక్కు.

"అతుక్కున్నాక సగం ఇచ్చేస్తానండి. అందాకా వచ్చి నీళ్ళు పోసుకోమనండి," అన్నాడతను, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాదే నన్ను భయపెట్టింది. కోపం వస్తే ఊరు అదిరేలా అరిచే మనిషి. అరవలేదంటే లోపల ఏదో పెట్టుకున్నట్టే.

రోజూ పొద్దున్నే వెళ్ళేదాన్ని. గేటు కనబడగానే ముందు గొళ్ళెం వైపే చూసేదాన్ని, ఇవాళ తాళం పడిందేమోనని. అతను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండేవాడు, పలకరించేవాడు కాదు. గబగబా నీళ్ళు పోసి, కట్లు తడిమి చూసుకుని వచ్చేసేదాన్ని. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టవే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

ఒకరోజు వెళ్ళేసరికి కుండీలు గేటు బయట వరసగా పేర్చి ఉన్నాయి. పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నారు.

"పొద్దున్నే ఫోన్ చేసి పిలిచాడమ్మా. నేనే లెక్కపెట్టాను, సరిగ్గా సగం. గడువు కంటే ముందే ఇచ్చేశాడు, పాపం. ఇంకా ఏంటమ్మా ఆ మొహం?"

ఎండ ఇంకా ఎక్కలేదు, ఆకులు పచ్చగానే ఉన్నాయి. దగ్గరున్న కుండీ ముందు కూలబడి కట్టు విప్పాను. పైకొమ్మ ఊడి నా చేతిలోకి వచ్చేసింది. ఇంకోటి విప్పాను. అదీ అంతే.

"తెలియక తొందరపడి ఉంటాడులేమ్మా," అన్నారు పెద్దాయన.

అంటు ఎప్పుడు కోయాలో నాకు నేర్పింది అతనే.