స్పోర్ట్స్ కారు నడిపే యోగం

ఇస్నాపూర్‌లో నాది కార్ల షెడ్డు, పక్కవాడిది పంక్చర్ల దుకాణం. ఒక ఫ్యాక్టరీ యజమాని పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ చెడిందని చెప్పే లైటు ఉండుండి వెలుగుతోందట. ఎవరు బాగుచేస్తే వాళ్లు కారును సంగారెడ్డి దాకా నడపొచ్చని మాటిచ్చాడు. మూడు రోజులు లక్ష వైర్లు విప్పాను. నేను చూస్తే లైటు ఆరేది, తల తిప్పితే వెలిగేది.

చివరికి పక్కవాడు చక్రం ఊడదీసి, "సార్, బండి ఏడ ఆపుతరు?" అన్నాడు.

"ఇనుము చెక్కే లేత్ మిషన్ల పక్కన," అన్నాడు కారు చూడటానికొచ్చిన యజమాని.

"గందుకే. గీ సెన్సర్ల అయస్కాంతం ఉంటది. ఇనుప రజను పట్టుకున్నది." గుడ్డతో తుడిచాడు. లైటు మళ్లీ వెలగలేదు.

వాడు కారు తాళాలు అందుకుని, "అన్నా, జెర నా దుకాణం సూస్కో" అన్నాడు.

వాడొచ్చేదాకా జిల్లాలోని సైకిళ్లన్నిటికీ గాలి కొట్టాను.