కమలక్క చదివించిన ఉత్తరం

మొన్న భూపాలపల్లి అంగట్లో వాన వెలిశాక ఒకతను తడిసిన టార్పాలిన్ విదిలించాడు. ఆ ముక్కవాసన తగలగానే కూరగాయల సంచితో అక్కడే నిలబడిపోయాను. మహబూబాబాద్‌లో ప్రత్యేక రాష్ట్రం కోసం వేసిన దీక్షా శిబిరం టార్పాలిన్, దానికింద చాప మీద కూర్చున్న కమలక్క గుర్తుకొచ్చారు.

ఆమె అక్కడి గ్రంథాలయం చూసుకునేవారు. నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టిన మనిషి. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. నేను జనగామలో పంతులమ్మను. అప్పుడే నా మొదటి నవల అచ్చయింది. మహదేవపూర్ దగ్గర గోదావరిలో మునిగి చనిపోయిన పడవవాడు దయ్యమై తిరిగివచ్చి, తను మనసిచ్చిన పిల్లను కలుసుకునే కథ. చివరి పేజీలో నా చిరునామా వేసి, చదివినవారు అభిప్రాయం రాయమని కోరాను. సమ్మెలతో బస్సులు ఆగిపోయాయి, ఉత్తరాలూ రాలేదు. బడి నుంచి రాగానే తలుపు సందులో వెతుక్కునేదాన్ని. "ఊరంత కొట్లాడుతుంటే నీకు దయ్యాల ప్రేమ గావల్నా?" అని తోటి టీచరు ఒకామె అన్నప్పుడు తల ఎత్తలేకపోయాను.

గ్రంథాలయానికి రెండు ప్రతులు ఇవ్వడానికి రైల్లో వెళ్లి, ఆ మాటే కమలక్కతో చెప్పుకున్నాను.

"కొట్లాడేటోళ్లకు మనసుండదా చెల్లె? పొద్దంత టెంటు కింద కూసున్నోళ్లకు గిది నేను సదివి వినిపిస్త" అన్నారు.

నెల తర్వాత నాలుగు ఉత్తరాలు ఒకేసారి వచ్చాయి. మూడింట్లో పొగడ్తలే. వాటిని కంఠతా వచ్చేదాకా చదువుకుని, నాలుగోదాన్ని సంచి అడుగున తోసేశాను. సంబరంగా మళ్లీ మహబూబాబాద్ పోతే, కమలక్క నన్ను శిబిరంలో ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టి చదవమన్నారు. మూడూ చదివాను. చప్పట్లు కొట్టారు.

"నాలుగొచ్చినయంటివి గద? అది గూడ సదువు" అన్నారు కమలక్క.

తప్పలేదు. కాళేశ్వరం నుంచి ఎవరో రాశారు: "మీ దయ్యం మా గోదాట్లనే సచ్చిండు. మరి మా లెక్క ఎందుకు మాట్లాడడు? సినిమాల హీరో లెక్క మాట్లాడుతడు. మీ కథల మా మాట మాట్లాడేది తాగుబోతు పాత్రొక్కటే."

ఇంట్లో మా నాయినతో నేను మాట్లాడేదీ ఆ మాటే కదా. "పుస్తకమంటే గట్లనే రాయాలనుకున్న" అని గొణిగాను.

కమలక్క తల్లి పక్కనే ఉంది. కూతురు కథంతా లంబాడీలో చెప్పగా విన్న ముసలావిడ. "పానం బోయినంక గూడ వానికి బుగులేనా బిడ్డా?" అంది. చచ్చినా తన మాట మాట్లాడటానికి భయం పోలేదా అని.

నా నవలలో ఆ పడవవాడు మొదటిసారి కనిపించి, "మరణాన్ని జయించి నీ కోసం వచ్చాను ప్రియా" అంటాడు. "మరేమనాలె అవ్వా?" అని అడిగాను.

ఆమె అంది, "నీళ్లల్ల నానినోడు గద. సలి పెడుతుంది పిల్లా, జర పొయ్యికాడ కూసోనిస్తవా, అంటడు."

నా వెనక ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ఉత్తరం వెనకే ఆ మాట రాసుకున్నాను.

నవలంతా తిరగరాశాను. ప్రతి పేజీ కమలక్కే చూశారు. రాష్ట్రం వచ్చాక రెండో ముద్రణ ప్రతి పట్టుకుపోతే ఆమె దవాఖానలో ఉన్నారు. అవ్వ చెప్పిన మాటున్న పేజీ వెతికి, పక్క మంచంమీది ఆమెకు వినిపించి, "ఇగ వీడు మన పిలగాడైండు" అన్నారు. తర్వాత కమలక్క ఎక్కువ రోజులు లేరు.

ఇప్పుడు పాఠకుల అభిప్రాయాలు ఫోన్‌లోకే వస్తున్నాయి. మెచ్చుకున్నవీ తిట్టినవీ కలిపే నలుగురికీ చదివి వినిపిస్తాను. తిట్టినవి దాటేయాలని ఇప్పటికీ అనిపిస్తుంది. అనిపించినా దాటేయను.