లైసెన్స్ లేని బర్రె

ఎర్రబోరు ఊళ్లో మాకు ఒక కిరాణా కొట్టు, ఒక దొంగ బర్రె ఉన్నాయి. అది అస్తమానం అడవిలో తప్పిపోతోందని, జాడ చెప్పే వైర్‌లెస్ పరికరం కొని దాని మెడకు కట్టాను. దాని సిగ్నల్ అందుకునే రిసీవరు ఇంట్లో పెట్టి, డాబా మీద యాంటెన్నా బిగించాను.

ఆ యాంటెన్నా చూసి అనుమానంతో ఓరోజు పోలీసు థానేదారుగారు వచ్చారు. మా అత్తయ్య రిసీవరును గబగబా ఇప్పపూల బస్తాలో దాచి, "మా ఇంట్ల రేడియోనే లేదు సారూ!" అంది. వెంటనే బస్తా బీప్ బీప్‌మంది.

నేను వైర్‌లెస్ నిబంధనల కాగితం చూపించాను. "ఇది మా బర్రె జాడ కోసం సార్. 865 మెగాహెర్ట్జ్‌లో ఇంత తక్కువ పవర్‌కి లైసెన్స్ అక్కర్లేదు సార్."

"సరే, బర్రె ఏడుందో చూపించు."

ఫోన్‌లో చుక్క చూపిన చోటికి వెళ్లాం. థానా పెరట్లో, ఆయన ముద్దుగా పెంచుకున్న వంగతోటంతా మేసేసి అది తీరిగ్గా నెమరేస్తోంది.

"రేడియోకి లైసెన్స్ వద్దు. మరి దీనికి?" అన్నారాయన.

ఇంటికొచ్చి నిబంధనలన్నీ మళ్లీ చదివాను. బర్రె ఊసే లేదు!