చదివి కొలవమన్న మనిషి

మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో మేముండే ఇంటి కింద పండ్ల దుకాణం ఉంది. మొన్న సాయంత్రం అక్కడ ఒకాయన పుచ్చకాయను చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపులతో తట్టాడు. రెండు పొడి చప్పుళ్లు. కాయ నచ్చక పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు. నేను ఏం కొనడానికి దిగానో మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. వేలి కణుపుల చప్పుడు ఎక్కడ విన్నా నాకు డాక్టర్ రెహానా గారే గుర్తుకొస్తారు.

ఆవిడది కడప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు. జర్మనీలో సామాజిక శాస్త్రం చదివి, అక్కడే చాలాకాలం పనిచేసి, మస్కట్‌లోని మా ప్రైవేటు విశ్వవిద్యాలయానికి వచ్చారు. నేను జగిత్యాల నుంచి వచ్చి లెక్చరర్‌గా చేరేనాటికి ఆవిడే మా విభాగానికి హెడ్. చేరిన కొత్తలో నా పరిశోధన గురించి సహోద్యోగుల ముందు మాట్లాడాల్సి వచ్చింది. మాట్లాడటం ముగించగానే ఎవరో తలుపు తట్టినట్టు వినిపించింది. మర్యాద కొద్దీ నేనే వెళ్లి తలుపు తీశాను. వరండా ఖాళీగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే రెహానా గారు బల్ల మీద వేలి కణుపులతో తడుతూ, నవ్వు ఆపుకోలేక తల దించుకుని ఉన్నారు.

"తలుపు ముయ్యి నాయనా, ఏసీ పోతాంది. ఆ తట్టింది నీకే."

"నాకెందుకు మేడమ్?"

"జర్మనీలో పాఠం బాగుంటే చప్పట్లు కొట్టరు, ఇట్లా బల్ల తడతారు. బాగలేకుంటే పుస్తకాలు సర్దుకోని పోతారు. నీది సగం బాగుంది. మిగతా సగం రేపు నా రూముకు ఎత్తుకోని రా."

ఆ మిగతా సగం సరిచేయించడానికి ఆవిడకు ఒక చలికాలం పట్టింది. ప్రతి పేజీ పెన్సిలు పట్టుకుని చదివేవారు. నేను ఏ పుస్తకం పేరు ప్రస్తావించినా, "చదివినావా?" అని అడిగేవారు. చదివానంటే, "అయితే నాతో కొట్లాడు," అనేవారు. ఆవిడ దృష్టిలో పుస్తకానికి చేయగల మర్యాద అదే. ఎవరి రాతనైనా చదవకుండా మంచిదనడం కూడా ఆవిడకు తప్పుగానే తోచేది.

అప్పటికే ఆవిడ ఒక పుస్తకం మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. మస్కట్‌లోని హమ్రియా పేటలో ఒకే రూమ్‌లో ఉండే కూలీలు వంట వంతులు ఎలా పంచుకుంటారు, తగువు వస్తే ఎవరి మాట చెల్లుతుంది, ఆ మాట ఎందుకు చెల్లుతుంది అన్నది విషయం. సెలవు రోజుల్లో వాళ్ల మధ్య కూర్చుని, వాళ్లతో తిని, మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకుని, జర్మన్‌లో రాశారు. జర్మనీలో ఒక చిన్న ప్రచురణకర్త అచ్చు వేశాడు. ప్రతులు వచ్చిన వారం నన్ను వెంటబెట్టుకుని హమ్రియా వెళ్లారు. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన రాజన్న అనే మేస్త్రి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అక్కడివాళ్లంతా ఆవిడను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేవారు.

"ఆపా, నేను పప్పు మాడగొట్టింది గూడ ఇండ్ల రాసినవా?"

"ఒక పేజీ నిండా రాసినా రాజన్నా."

"పాయె! ఈ రూమ్‌ల పోయింది సాలదని జర్మనీల గూడ నా ఇజ్జత్ పాయె!"

"గాళ్లు పప్పే తినరు తియ్యి, నీ మాడు వాసన వాళ్లకేం ఎరుక," అన్నాడు పై మంచం మీదివాడు. అందరూ నవ్వారు. రాజన్న కూడా నవ్వి, తర్వాత అడిగాడు: "మరి మాకు సమజయ్యే భాషల ఎందుకు రాయలే ఆపా?"

"ఈ సంగతి మీద నాతో కొట్లాడేవాళ్లంతా ఆ భాషలో ఉండారు రాజన్నా. వాళ్లతో తేల్చుకోని, తర్వాత తెలుగులో రాస్తా," అన్నారు.

ఆ తెలుగు పుస్తకం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అంతలో మా విశ్వవిద్యాలయానికి ర్యాంకుల పిచ్చి పట్టింది. ఎవరు ఎంత పరిశోధన చేశారో తేల్చడానికి ఒక కంప్యూటర్ జాబితాను కొని తెచ్చారు. దానికి తెలిసినవన్నీ దాదాపు ఇంగ్లీషు పత్రికలే. అందులో ఉన్న వ్యాసానికి మార్కులు, లేనిదానికి సున్నా. జర్మన్‌లో రాసే సామాజిక శాస్త్రవేత్తలు తమ ముఖ్యమైన వాదనను పుస్తకంలో పెడతారు, నలుగురు కలిసి వేసే సంకలనాల్లో అధ్యాయాలు రాస్తారు, ఒకరి పుస్తకాన్ని ఒకరు పేజీల కొద్దీ సమీక్షిస్తారు. వాటిలో ఏదీ ఆ జాబితాకు ఎక్కదు. ఉద్యోగం పొడిగించాలా వద్దా అన్నది ఆ మార్కులను బట్టే అన్నారు. కమిటీ ఆవిడను పిలిచిన రోజు, విభాగం తరఫున మినిట్స్ రాయడానికి నేనూ ఆ గదిలో ఉన్నాను.

"మీ పుస్తకం సిస్టమ్‌లో లేదు డాక్టర్," అన్నారు కమిటీని నడిపే డైరెక్టర్ ఇంగ్లీషులో.

ఆవిడ పుస్తకం తీసి ఆయన ముందు పెట్టారు. "ఇక్కడ ఉంది."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "మాలో ఎవరికీ జర్మన్ రాదు."

"రాదంటే తెలియదని రాసుకోవాలి. సున్నా అని ఎలా రాశారు?"

ఆయన విసుక్కోలేదు. సాయం చేస్తున్నవాడిలాగే ఒక సలహా ఇచ్చారు: అధ్యాయాలు విడదీసి ఇంగ్లీషులో చిన్న చిన్న వ్యాసాలుగా వేయిస్తే వచ్చే ఏడాదికి అందరికన్నా మీరే ముందుంటారు అన్నారు. ఆవిడ పుస్తకం తీసుకుని లేచారు. కారిడార్‌లోకి వచ్చాక తెలుగులోకి మారారు: "ఇల్లు కట్టి చూపిస్తే, పడగొట్టి ఇటుకలు లెక్కపెట్టుకోని రమ్మంటాడు!"

"జర్మనీల అయితే మీకు ఇట్ల జరగకపోవు మేడమ్," అన్నాను.

"అక్కడ మాత్రం ఏం ఒరగబెట్టినారు! లెక్కలు లేని కాలంలో ఏ ప్రొఫెసరుకు ఎవురు దగ్గరో వాళ్లకే కొలువు. నేను ఎవురికి దగ్గర? ఇప్పుడు అక్కడా లెక్కలు వచ్చినాయి, వాటి మీద పెద్ద తగువే నడుస్తాంది. కొలవద్దనడంల్యా నాయనా నేను. చదివి కొలవమంటాండా. బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడక పెట్టి, ముల్లు కదల్లేదు, అది బంగారం కాదంటే ఎట్లా?"

ఉద్యోగం పొడిగించలేదు. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. ఆవిడ పుస్తకాల పెట్టెలను కిందికి దించడానికి రాజన్న, అతని రూమ్‌వాళ్లు డ్యూటీ దిగి నేరుగా వచ్చారు. "తెలుగు కితాబు మరువకు ఆపా," అన్నాడు రాజన్న. "ఈసారి ఉప్పు ఎక్కువేసింది గూడ రాస్తా," అన్నారామె. కడపకు వెళ్లాక బతుకుతెరువుకు కాలేజీ కాలేజీ తిరిగి గంటల లెక్కన పాఠాలు చెప్పారు. రాసుకోవడానికి తీరిక దొరకలేదు. తర్వాత జబ్బు చేసింది. పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను.

ఆ తర్వాత మా దగ్గర ఉత్తమ పరిశోధనా పత్రం అని ఒకదానికి బహుమతి ఇచ్చారు. అప్పటికి నేను ఆవిడ పుస్తకం చదవడం కోసమే జర్మన్ కొంత నేర్చుకున్నాను. ఆ పత్రం తెరిచి చూస్తే, వంట వంతుల గురించి ఆవిడ చేసిన వాదన దాదాపు మొత్తం ఇంగ్లీషులో అందులో ఉంది. ఆవిడ పేరు ఒక ఫుట్‌నోట్‌లో ఉంది. దొంగతనం అనడానికి వీల్లేదు, అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. పుస్తకాన్ని వాడుకున్నవారికి మార్కులు వచ్చాయి, రాసినావిడకు సున్నా వచ్చింది. ఏళ్లు గడిచినా ఈ మాట మామూలు గొంతుతో చెప్పడం నాకు చేతకావడం లేదు.

ఇప్పుడు ఆ కమిటీలో నేనూ సభ్యుణ్ణి. పుచ్చకాయ చప్పుడు విన్న మరుసటి ఉదయం సమావేశం జరిగింది. మస్కట్ పక్కనే ఉన్న అల్ అమెరాత్ నుంచి వచ్చే బుసైనా అనే యువ లెక్చరర్, అక్కడ కొత్తగా లేచిన కాలనీల్లో ఇరుగుపొరుగు ఎలా ఏర్పడిందో అరబ్బీలో పుస్తకం రాసింది. ఆమె ఉద్యోగం పొడిగింపు మా ముందుకు వచ్చింది.

"సిస్టమ్‌లో లేదు," అన్నారు డైరెక్టర్. అదే మనిషి, అదే మాట.

"నేను చదివాను," అన్నాను. వచ్చీరాని అరబ్బీతో, నిఘంటువు పక్కన పెట్టుకుని, సెలవులన్నీ దానికే పెట్టి చదివాను. "ఇక్కడ అరబ్బీ మాతృభాష అయినవాళ్లున్నారు. ఇంకెవరైనా చదివారా?"

అందరూ ముందున్న కాగితాలు తిరగేశారు. చదివినవాళ్లు మార్కు వేసేదాకా ఆ సున్నా కింద నేను సంతకం పెట్టనన్నాను. డైరెక్టర్ గడియారం చూసుకుని, సరే, ఆమెనే పిలిచి విందాం అన్నారు. బుసైనా వచ్చి, మొదట కాగితం చూసి చదువుతూ, తర్వాత దాన్ని పక్కన పెట్టి కోపంగా తన పుస్తకం గురించి చెప్పింది. ఒకచోట ఆమె రాసినదాంతో నాకు పేచీ ఉంది. అది తర్వాత అడుగుతాను.

ఆమె ముగించింది. నేను వేళ్లు మడిచి బల్ల మీద తట్టాను.

డైరెక్టర్ తలెత్తి తలుపు వైపు చూసి, "కమిన్," అన్నారు. ఎవరూ రాలేదు.

మళ్లీ తట్టాను.